నిప్పు శిలువ పెట్టని ఇల్లు

మా ఆవిడ నర్సు. ఆమె ఉద్యోగం పట్టుకునే మేం ఐర్లండ్ వచ్చాం. నేను బాపట్ల వైపు వాణ్ణి. ఆర్కిటెక్చర్ చదువుకుని గుంటూరులో అపార్ట్‌మెంట్ల ప్లాన్లు గీసుకుంటూ ఉండేవాణ్ణి. మేయో జిల్లా కాజిల్‌బార్ ఆసుపత్రిలో ఆమెకు ఉద్యోగం వచ్చాక, మొదట్లో చాలాకాలం నేను పాపను స్కూల్లో దింపడం, వంట చేయడం, కిటికీ దగ్గర కూర్చుని వాన చూడటం. ఆదివారం చర్చిలో కలిసే మలయాళీ నర్సుల భర్తలదీ అదే పరిస్థితి. ఎవరి ఇంట్లో పప్పు అడుగంటిందో చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. తర్వాత మాలాంటివాళ్ళకి కూడా వర్క్ పర్మిట్లు ఇవ్వడం మొదలైంది. ఊళ్ళోనే ఒక చిన్న ఆర్కిటెక్ట్ ఆఫీసులో నన్ను తీసుకున్నారు.

అది దేశమంతా ఇళ్ళు కడుతున్న కాలం. ఏ రోడ్డెక్కినా క్రేన్లు. ఏ ఊరి చివర చూసినా షో హౌస్ బోర్డులు. మా ఆఫీసులో పనంటే ఒకే ఇంటిని కంప్యూటర్లో అటు తిప్పి ఇటు తిప్పి వరసగా అతికించుకుంటూ పోవడమే. మా బాస్ మంచి మనిషి. పొట్టిగా, ఎర్రటి ముఖంతో, ఎప్పుడు చూసినా చేతిలో టీ కప్పుతో ఉండేవాడు. నేను ఏ డ్రాయింగ్ చూపించినా “గ్రాండ్” అనేవాడు. ఆ మాటకి బాగుందని అర్థమో, ఏదో ఒకటి పోనీలే అని అర్థమో నాకు చాలాకాలం తెలియలేదు. పని దొరికింది, మళ్ళీ తలెత్తుకుని తిరుగుతున్నాను, అదే చాలనుకున్నాను. కానీ నేను గీసే ఆ ఇళ్ళలో ఎవరుండబోతున్నారో ఒక్కసారి కూడా ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ రోజుల్లోనే మా ఆవిడతోపాటు వార్డులో కేర్ అసిస్టెంటుగా చేసే ఒకామె మా ఇంటికి భోజనానికి వచ్చింది. లాత్వియా దేశస్థురాలు. ముందు పుట్టగొడుగుల ఫారంలో కూలిపనికి వచ్చి, ఇక్కడే ఒక అడవి కాంట్రాక్టరును పెళ్ళి చేసుకుని, ఆసుపత్రిలో చేరింది. నలభై దాటి ఉంటాయి. ఎత్తుగా ఉండేది, జుట్టు బిగించి జడ వేసుకునేది. అంతకు కొద్దిరోజుల ముందు మా ఆవిడ చాలా కాలంగా చూసుకుంటున్న ఒక ముసలామె వార్డులో చనిపోయింది. మా ఆవిడ ఎవరికీ కనపడకుండా దుప్పట్లు పెట్టే గదిలో నిలబడి ఏడుస్తుంటే, ఈమె వచ్చి తలుపు దగ్గరకి వేసి, మడత పెట్టిన దుప్పట్ల మీద కూర్చోబెట్టి, ఒక్క మాట కూడా అనకుండా పక్కనే కూర్చుందట. ఆ రోజు నుంచీ మా ఆవిడ ఆమెను “అక్క” అనేది. ఆ మాటకి అర్థం చెప్పించుకుని ఆమె కూడా సంబరపడింది. మా ఇంట్లో ఆమె లాత్వియా అక్క అయిపోయింది. నాకూ అదే అలవాటైంది.

భోజనాలయ్యాక అక్క నావైపు తిరిగి, “మీరు ఇళ్ళు గీస్తారట కదా, నాకొకటి గీసిపెడతారా?” అంది.

“మీకు ఇల్లుంది కదా!”

“మాకు కాదు. మీ ఆవిడలాంటివాళ్ళకి.”

మా ఆవిడ ప్లేట్లు తీస్తూ ఆగిపోయింది. అక్క చెప్పుకొచ్చింది. వాళ్ళాయన బాబాయికి ఊరి బయట ఒక పొలం ఉంది. పక్కనే లార్చ్ తోపు. లార్చ్ అంటే సూదుల్లాంటి ఆకులుండి కూడా చలికాలంలో ఆకు రాల్చేసే చెట్టు. దాని చెక్క వానకి తొందరగా కుళ్ళదు. ఆ తోపును పలచన చేయడానికి ఎలాగూ కొన్ని చెట్లు కొట్టాలి. ఆ చెక్కతోనే ఒక చిన్న ఇల్లు కట్టాలి. నర్సులు, ఇళ్ళల్లో ముసలివాళ్ళని చూసుకునేవాళ్ళు, మంచాన పడ్డ మొగుణ్ణో తల్లినో కనిపెట్టుకుని ఉన్నవాళ్ళు వచ్చి ఒకటి రెండు రోజులు ఉండి వెళ్ళాలి. “అందరినీ చూసుకునేవాళ్ళని చూసుకునే చోటు ఒకటుండాలి కదా. అక్కడ ఎవరూ బెల్లు కొట్టకూడదు,” అంది. ఇంకో మాట కూడా చెప్పింది. ఆ ఇంటి మీద తన దేశపు గుర్తులుండాలి. వాళ్ళ అమ్మమ్మ తొడుక్కున్న చేతి తొడుగుల మీద అల్లినలాంటివి.

“చెక్క ఇల్లా? మేయో వానలోనా?” అన్నాడు మర్నాడు మా బాస్. తర్వాత టీ తాగుతూ చాలాసేపు ఆలోచించాడు. “కట్టొచ్చు. కాళ్ళు తడవకూడదు, తల తడవకూడదు, నడుముకి గాలి ఆడాలి. ఈ మూడూ చూసుకుంటే చెక్క మనకన్నా ఎక్కువకాలం బతుకుతుంది. ఆఫీసు పనయ్యాక గీసుకో,” అన్నాడు. నేను అడక్కముందే తన పాత పుస్తకాల్లోంచి చెక్క అతుకుల గురించి ఉన్నవి వెతికి నా బల్ల మీద పెట్టాడు. ఈ మనిషికి కూడా ఒకప్పుడు ఇలాంటి ఇల్లు గీయాలని ఉండేదేమోనని నాకు ఆ రోజు అనిపించింది.

నేను ఉత్సాహం పట్టలేకపోయాను. అక్క దగ్గర్నుంచి తెచ్చుకున్న ఫొటోలు చూసి, గోడ నిండా నక్షత్రాలు, స్తంభాల మీద సూర్యుళ్ళు, చూరు కింద పాముల వరస, తలుపు మీద చెట్లు, ఏదీ వదలకుండా అన్నీ పెట్టి ఒక డ్రాయింగ్ వేశాను. రంగులు కూడా వేశాను. తీసుకెళ్ళి చూపిస్తే అక్క చాలాసేపు మర్యాదగా చూసింది. చివరికి ఆపుకోలేక నవ్వేసింది.

“కోపగించుకోకండి. ఇది ఇల్లులా లేదు. మా రీగా ఎయిర్‌పోర్టులో బొమ్మల కొట్టులా ఉంది.”

నాకూ నవ్వొచ్చింది. కానీ లోపల చివుక్కుమంది. ఆమె కనిపెట్టినట్టుంది. పక్కన కూర్చుని, “నాకు కూడా అన్నీ తెలియవు. అమ్మమ్మ ఒక గుర్తుకి ఒక అర్థం చెప్పేది, మా టీచరు ఇంకోటి చెప్పేది, పక్క ఊరివాళ్ళు ఇంకోటి. నాకు తెలిసినవాటి గురించి చెబుతాను, మనం వాటితోనే కడదాం,” అంది.

ఆమె పెన్సిల్ తీసుకుని కాగితం మీద నుంచి ఎత్తకుండా ఒకే గీతతో ఎనిమిది కొసల నక్షత్రం వేసింది. దాన్ని ఔసెక్లిస్ అంటారట. వేగుచుక్క. నిద్రపోయేవాళ్ళకి కాపలా కాస్తుందని ఉయ్యాలల మీద, తలుపుల మీద చెక్కేవాళ్ళట. నాకు మా నాన్న గుర్తొచ్చాడు. డిసెంబరు రాగానే వెదురు బద్దలు చీల్చి, దారంతో కట్టి, రంగు కాగితాలు అంటించి, లోపల బల్బు పెట్టి మా ఇంటి మీద నక్షత్రం ఎత్తేవాడు. ఆ బద్దల లెక్క నాకు చేతుల్లో ఉంది. నా కాగితం మీద తూర్పు గోడకి ఒక చదరపు కిటికీ గీసి, దాని చట్రం బద్దలనే నక్షత్రంగా మలిచాను. విడిగా చెక్కే బొమ్మ కాదు, అద్దాన్ని పట్టుకునే బద్దలే అవి. పొద్దున్నే ఎండొస్తే ఆ నీడ మంచం మీద పడుతుంది. ఎండొస్తే! మేయోలో ఆ మాట ఎప్పుడూ అనుమానంగానే అనాలి.

రెండోది యుమిస్. ఒకే కాడకు రెండు కంకులు కాస్తే అది యుమిస్. పంట దేవుడి పేరూ అదే. కోతల చివరి రోజున ఆ కంకుల్ని ఇంట్లోకి తెచ్చుకుంటారట. గుర్తులో అయితే రెండు గీతలు పై కొస దగ్గర ఒకదాన్నొకటి దాటి బయటికి వంగుతాయి. “మా దగ్గర కూడా వరి కంకులు కుచ్చుగా అల్లి చూరుకు కడతారు, పిచ్చుకలు తినడానికి,” అన్నాను. “అయితే మీకు చెప్పక్కర్లేదు,” అంది అక్క. ఆ సాయంత్రం నాకు ఇంటి ఆకారం దొరికింది. కప్పు రెండు వైపులా వాలే పెద్ద వాసాలు కొప్పు దగ్గర కలిసి ఆగిపోకుండా, ఒకదాన్నొకటి దాటి పైకి లేస్తాయి. ఇంటికి రెండు కొసలా అలాగే. ఇల్లే ఒక జంట కంకి. కింద సిమెంటు పునాది ఉండదు. ఆ పొలంలోనే కూలిపోయిన పాత ఇంటి రాళ్ళున్నాయి, వాటి మీద స్తంభాలు నిలబెడతాం. గోడల్లో గొర్రె ఉన్ని కూరుతాం. కప్పు మీద పడ్డ నీళ్ళు తొట్టిలోకి. రంగు వేయం, పాలిష్ పెట్టం. చెక్క దానంతటదే వెండిలా మారుతుంది.

మూడోది తలుపు మీద పెట్టాల్సింది. అక్క ఒక పాత చేతి తొడుగుల జత తెచ్చి బల్ల మీద పెట్టింది. బూడిద రంగు ఉన్ని మీద ఎరుపు, చుట్టూరా ఒకే గుర్తు అల్లి ఉంది. చూడగానే నాకు అర్థమైంది. మా గుంటూరు ఆఫీసు ఎదురుగా కిరాణా కొట్టు షట్టర్ మీద ప్రతి దసరాకీ పసుపు కుంకాలతో వేసేవాళ్ళు. స్వస్తిక.

“దీన్ని నిప్పు శిలువ అంటాం,” అంది అక్క. “చెడు లోపలికి రాకుండా ఆపుతుంది. యుద్ధం అయ్యాక మా అమ్మమ్మని రైలెక్కించి సైబీరియాకి పంపేశారు. అప్పుడు చేతులకి ఇవే ఉన్నాయి. అవే చేతులతో, ఇవే తొడుగులతో తిరిగొచ్చింది.” తొడుగుల్ని నిమురుతూ, “దీన్ని చూసి ఇక్కడివాళ్ళు ఏమనుకుంటారో నాకు తెలుసు. కానీ నాజీలు దొంగిలించారని మేం వదులుకోవాలా?” అంది.

వదులుకోనక్కర్లేదని నేనూ అన్నాను. మనసారానే అన్నాను. ఆ గుర్తు మా వీధుల్లో ఎవరినీ భయపెట్టింది కాదు. తలుపు మీది దూలం మీద దాన్ని గీశాను. ప్లానింగ్‌కి ఇచ్చే ముందు ఇంటివాళ్ళంతా చూడాలని ఒక శనివారం డ్రాయింగులు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాం.

పొలం ఎవరిదో ఆ పెద్దాయన కూడా వచ్చాడు. అక్క మొగుడికి బాబాయి. పెళ్ళి చేసుకోలేదు. ఎనభై దాటినా నడుం వంగలేదు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని కూర్చుని, ఒక్కో కాగితమే చూశాడు. రాళ్ళ మీద స్తంభాలు చూసి తల ఊపాడు. కొప్పు చూసి, “ఇది ఓట్స్ కంకి కదా,” అన్నాడు. అక్క ముఖం వెలిగిపోయింది. “మేమూ కోతల్లో చివరి కంకుల కట్టను ఇంటికి తెచ్చి తలుపు వెనక వేలాడదీసేవాళ్ళం,” అన్నాడు. అందరం నవ్వాం. తర్వాత కాగితం తిప్పాడు. తలుపు బొమ్మ.

కాగితాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. టోపీ పెట్టుకున్నాడు. టీ సగంలోనే వదిలేసి బయటికి వెళ్ళిపోయాడు. కిటికీలోంచి చూస్తే, వానలో కోటు బొత్తాలు కూడా పెట్టుకోకుండా నడిచిపోతున్నాడు.

అక్క మొగుడు వెనకే వెళ్ళి కాసేపటికి తడిసి వచ్చాడు. “ఏమీ చెప్పడం లేదు. పొలం సంగతి కూడా మాట్లాడటం లేదు,” అన్నాడు. నెమ్మదైన మనిషి, అడవిలో పని చేసీ చేసీ మాటలు తక్కువ. “కుర్రతనంలో మా పెద్దబాబాయితో కలిసి లండన్ వెళ్ళాడని తెలుసు. పెద్దబాబాయి అక్కడే పోయాడు. ఎలా పోయాడో మా ఇంట్లో ఎవరూ మాట్లాడుకోరు,” అన్నాడు.

వారం గడిచింది. పెద్దాయన వాళ్ళింటికి రావడం మానేశాడు. అక్కకి డ్యూటీలో మనసు నిలవడం లేదని మా ఆవిడ చెప్పింది. “ఏవండీ, మీరొకసారి ఆమెతో వెళ్ళండి. ఒక్కతే వెళ్ళడానికి భయపడుతోంది. వాళ్ళాయనేమో అడవి పనిలో ఉన్నాడు,” అంది. నేను కారులో అక్కను తీసుకుని పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ఆమె ఒళ్ళో అమ్మమ్మ తొడుగులున్నాయి. వాటినెందుకు తెచ్చిందా అని నాకు గుబులుగానే ఉంది.

పెద్దాయన తలుపు తీసి మా ఇద్దరినీ చూసి, “రండి, తడుస్తారు,” అన్నాడు. పొయ్యిలో పీటు, అంటే బురదనేలలోంచి కోసి ఎండబెట్టిన మట్టి గడ్డలు, మండుతోంది. మమ్మల్ని కూర్చోబెట్టి కెటిల్ పెట్టాడు. ఎవరికి కోపమొచ్చినా ఈ దేశంలో కెటిల్ మాత్రం పెడతారు.

అక్క తొడుగుల్ని బల్ల మీద పెట్టి, వాటి కథంతా చెప్పింది. రైలు, సైబీరియా, తిరిగి రావడం. ఏడవలేదు. చెప్పాల్సింది చెప్పి ఊరుకుంది. పెద్దాయన ఒక తొడుగు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. బొటనవేలు దగ్గర చిరుగును ఎవరో వేరే దారంతో కుట్టి ఉన్నారు. దాన్ని వేలితో తడిమాడు.

“మీ అమ్మమ్మ మంచి పనిమంతురాలు,” అన్నాడు.

“అవును.”

“నేనూ మా అన్నా లండన్‌లో కూలిన ఇళ్ళు తవ్వేవాళ్ళం. యుద్ధంలో జర్మన్ల బాంబులు పడ్డ తర్వాత రోజు పొద్దున్నే పోవాలి. కింద మనుషులుంటారు కదా. ఒక్కోసారి బతికే ఉండేవాళ్ళు. ఒకరోజు మేం పక్కపక్కనే పని చేస్తున్నాం. సగం నిలబడ్డ గోడ అన్న మీద పడింది. అప్పుడే నేను నీళ్ళు తాగడానికి అవతలికి వెళ్ళాను.” ఆయన తొడుగును బల్ల మీద పెట్టాడు. “ఆ విమానాల తోకల మీద ఉండేది ఇదే, అమ్మాయ్. ఇది వేరు, అది వేరు అని నువ్వు చెబితే నా బుర్రకి తెలుస్తుంది. నా కళ్ళకి తెలియదు.”

పెద్దాయన లేచి కెటిల్ దింపాడు. నేను తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను.

పెద్దాయనే మళ్ళీ అన్నాడు. “ఇంటి మీద వద్దు. నీ చేతులకి వేసుకో, నా ఎదురుగానే వేసుకో. నేనేమీ అనను. ఆవిడ చేతులకి వెచ్చదనం ఇచ్చింది, దాన్ని నేను కాదనను. కానీ నా పొలంలో తలుపు మీద పెడితే, ఆ తలుపులోంచి నేను లోపలికి రాలేను.”

అక్క తొడుగులు చేతుల్లోకి తీసుకుంది. “మీరు రాలేని ఇల్లు నాకెందుకు?” అంది.

తిరిగి వస్తుంటే కారులో ఏడ్చింది. ఓదారుద్దామని, “లోపలివైపు, గోడలో ఎక్కడైనా కనపడకుండా చెక్కొచ్చు. ఆయనకి తెలియక్కర్లేదు,” అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని నావైపు ఆశ్చర్యంగా చూసింది. “వద్దు. దాచిపెట్టాల్సి వస్తే అది కాపలా ఎలా కాస్తుంది? వెలుగులో పెట్టగలిగినవే పెడదాం,” అంది. తలుపు మీది దూలాన్ని ఏమీ చెక్కకుండా ఉట్టిగా వదిలేయమంది. ఆ మర్నాడు డ్రాయింగులో దాన్ని చెరిపేశాను. చెరిపేశాక చూస్తే ఆ దూలం ఖాళీగా కూడా బాగానే ఉంది. నాకెందుకో ఆ సంగతి ఆమెకి చెప్పాలనిపించలేదు.

కౌన్సిల్ వాళ్ళు కొన్ని ప్రశ్నలు అడిగి పర్మిషన్ ఇచ్చారు. చెట్లు కొట్టారు, కోయించి నీడలో పేర్చి ఆరబెట్టారు. స్తంభాలు నిలబెట్టే రోజున చుట్టుపక్కల పొలాలవాళ్ళు పిలవకుండానే వచ్చారు. ఒకరి పనికి అందరూ చెయ్యి వేయడం అక్కడ పాత అలవాటు. దాన్ని మీహల్ అంటారు. మా బాస్ టై తీసేసి, చొక్కా చేతులు మడుచుకుని సుత్తి పట్టుకున్నాడు. నేను గీసిన అతుకు ఒకటి సరిగ్గా కూర్చోలేదు. వడ్రంగీ నేనూ మోకాళ్ళ మీద కూర్చుని, ఉలితో అటు కొంచెం ఇటు కొంచెం తీసుకుంటూ, చివరికి పట్టించాం. అది పట్టినప్పుడు వచ్చిన శబ్దం నాకు ఇప్పటికీ ఇష్టం. మేకు లేకుండా చెక్కలో చెక్క కూర్చున్న శబ్దం.

వాసాలన్నీ పైకెక్కిన రోజున అక్క వాళ్ళ దేశపు పద్ధతి ఒకటి జరిపించింది. ఓక్ ఆకులతో పెద్ద దండ అల్లి కొప్పు మీదికి ఎత్తాలి. ఇంటివాళ్ళు పనివాళ్ళకి కడుపునిండా పెట్టేదాకా అది దిగదు. మా ఆవిడ పొద్దుటి నుంచీ వంట చేసింది. పులిహోర, కోడి వేపుడు, గారెలు. ఒకాయన పులిహోరలోని ఎండుమిరపకాయను ఏదో కూరగాయ అనుకుని నమిలి, ముఖం కందిపోయినా, కళ్ళనిండా నీళ్ళతో “గ్రాండ్, గ్రాండ్” అంటూనే ఉన్నాడు. మా పాప ఐరిష్ యాసలో ఆయనకి గారెల గురించి పాఠం చెప్పింది. పెద్దాయన దండ తాడు కొస పట్టుకుని నిలబడ్డాడు. చేతులకి కొత్త తొడుగులు. అక్క అల్లి ఇచ్చింది. వాటి మీద జంట కంకులున్నాయి.

“బాగా వెచ్చగా ఉన్నాయి,” అన్నాడు నాతో, నేను అడక్కుండానే.

ఇల్లు పూర్తయ్యాక అక్క మొదట రమ్మన్నది మా ఆవిడనే. వరసగా నైట్ డ్యూటీలు చేసి ఆమె అప్పటికి మనిషి సగమైంది. పగలు నిద్రపట్టేది కాదు. మందులు కూడా వాడి చూసింది. నేనూ పాపా ఆమెను అక్కడ దింపి, లోపలికి వెళ్ళకుండా వెనక్కి తిరిగాం. ఆమె ఫోన్ కూడా తీసుకెళ్ళలేదు. మర్నాడు సాయంత్రం వెళ్ళేసరికి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. కళ్ళ కింద నలుపు అలాగే ఉంది గానీ, ముఖం మాత్రం నేను పెళ్ళిచూపుల్లో చూసిన ముఖం.

“ఏం చేశావు?” అన్నాను.

“పడుకున్నానండీ. లేచాను. వాన చప్పుడు విన్నాను. మళ్ళీ పడుకున్నాను.” బెంచీ మీంచి లేస్తూ, “చెక్క గోడ పక్కన పడుకుంటే ఎవరో వీపు మీద చెయ్యి వేసినట్టుంటుంది. సిమెంటు గోడ అలా ఉండదు,” అంది.

నేను అంతకుముందూ ఆ తర్వాతా చాలా ఇళ్ళు గీశాను. ఒక ఇంటి గురించి నాతో ఎవరైనా అన్నవాటిలో అన్నిటికన్నా మంచి మాట అదే.

తర్వాత చాలామంది వచ్చారు. మతి తప్పిన భర్తను చూసుకునే ఒక టీచరు, మలయాళీ నర్సులు, వికలాంగుడైన కొడుకున్న ఒక తల్లి. పెద్దాయన రోజూ ఒకసారి వచ్చి పొయ్యికి కట్టెలు పేర్చి వెళ్ళేవాడు. లోపల ఎవరైనా ఉంటే తలుపు కొట్టేవాడు కాదు. ఒక చలికాలంలో ఆయన నిద్రలోనే పోయాడు. ఊళ్ళో గొయ్యి పక్కింటివాళ్ళే తవ్వుతారు. తవ్వినవాళ్ళందరికీ అక్క చేతి తొడుగులు పంచింది. వాళ్ళ దేశంలో అది ఆచారమట. ఈ రోజు ఒకటి వస్తుందన్నట్టు ఆమె ముందునుంచే అల్లుతూ వచ్చిందేమో, తడబడకుండా తెచ్చి ఇచ్చింది. మట్టి చేతులతో వాళ్ళు వాటిని ఎలా పట్టుకోవాలో తెలియక, మోచేతి కింద ఇరికించుకుని నిలబడ్డారు.

ఆ తర్వాత ఎంతోకాలం పట్టలేదు, బ్యాంకులు దెబ్బతిని, కడుతున్న ఇళ్ళన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. క్రేన్లు కదలడం మానేశాయి. నేను వరసలు వరసలుగా గీసిన ఇళ్ళలో కొన్నిటికి కిటికీలు కూడా పెట్టలేదు. మా బాస్ ఆఫీసు మూసేసే రోజున నాకు తన మంచి స్కేలు ఇచ్చి, “ఆ చెక్క ఇల్లు మాత్రం గ్రాండ్,” అన్నాడు. ఆ రోజున ఆ మాటకి అర్థం ఒక్కటే. మా ఆవిడకి బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఉద్యోగం దొరికింది, మేం డబ్లిన్ వైపు వచ్చేశాం.

రెండేళ్ళ తర్వాత సెలవులకి మళ్ళీ ఆ చెక్క ఇంటికి వెళ్ళాం. లార్చ్ పలకలు వెండి రంగుకి తిరిగాయి. ఉత్తరం గోడ మీద సన్నగా నాచు. అక్క జుట్టు కూడా నెరిసింది. మమ్మల్ని చూడగానే మా ఆవిడని కావలించుకుని, నావైపు తిరిగి, “మీరు వచ్చారు, బాగుంది. తలుపు పట్టేస్తోంది. వానకి ఉబ్బింది. ఈయన్ని అడుగుతూనే ఉన్నాను, ఈయనకి తీరిక లేదు,” అంది.

వాళ్ళాయన సిగ్గుపడి నవ్వుతూ లోపలికి వెళ్ళి చిత్రిక తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇద్దరం తలుపును కీళ్ళ మీద నుంచి ఊడదీసి వరండాలో అడ్డంగా పడుకోబెట్టాం. లోపల ఎవరో పడుకుని ఉన్నారని, లిమరిక్ నుంచి వచ్చిన నర్సు అని, చప్పుడు కాకుండా చేయమని అక్క వేలు పెదాల మీద పెట్టి చెప్పింది. నేను మెల్లగా, పొడుగ్గా చిత్రిక పట్టాను. పైన బూడిద రంగు పోయి లోపలి ఎర్రటి చెక్క బయటపడింది. చెక్క పొట్టు ఉంగరాలు చుట్టుకుని మా పాప చెప్పుల మీద పడుతోంది. కొంచెం తీశాక తలుపు ఎత్తి పెట్టి చూశాం. ఇంకా కింద మూల దగ్గర పట్టింది. మళ్ళీ దింపాం.